ఎదురుబాట: మూతవాకిలి ఎదురుకోలమ్మ తల్లి కథ

మూతవాకిలి రాయలసీమలో ఒక చిన్న పల్లె. బస్సు దిగగానే కనిపించే గుట్ట మీద పాడుబడిన కోట ఒకటి ఉంది. ఆ కోట గోడను ఆనుకుని చుట్టూ ఒక కాలిబాట పోతుంది. బయలుదేరిన చోటికే మళ్ళీ తెచ్చి దింపే ఈ బాటను మా వాళ్ళు ఎదురుబాట అంటారు. గోడ గుట్ట పాదాల దగ్గరే తిరుగుతుంది కాబట్టి ఎక్కడా ఎక్కుడు దిగుడు లేదు. పసిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులూ, మోకాళ్ళ నొప్పుల పెద్దలూ మెల్లగా నడిచినా గంటన్నరలో తిరిగి వచ్చేస్తారు. చెప్పులు వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వేసుకోండి. పల్లేరుకాయలు మీ భక్తిని చూసి పక్కకు తప్పుకోవు.

బాట కోట తూర్పు వాకిలి దగ్గర మొదలవుతుంది. వాకిలి అన్నానే గానీ అక్కడ మీకు వాకిలి కనిపించదు. అటూ ఇటూ రెండు ఎత్తైన బురుజులు, వాటి నడుమ తలుపు ఉండవలసిన చోట పెద్ద రాతి గుండ్లు పేర్చి కట్టిన గోడ ఉంటాయి. ఊరికి ఆ పేరు ఈ గోడ వల్లే వచ్చింది. కోటను కుడిచేతి వైపు పెట్టుకుని దక్షిణంగా నడిస్తే మొదట వేరుశెనగ చేలు, తర్వాత కోట కట్టేటప్పుడు సున్నం నూరిన గానుగ గాడి కనిపిస్తాయి. రాతి చక్రం తిరిగి తిరిగి అరిగిన ఆ గుండ్రటి గాడిలో వానాకాలం నీళ్ళు నిలిస్తే పిట్టలు దిగుతాయి. పడమటి వైపు గోడ చాలా ఎత్తు. అక్కడ గట్టిగా మాట్లాడితే ఆ మాట గుట్టకు తగిలి, కోట లోపలి నుంచి ఎవరో పలికినట్టు తిరిగి వస్తుంది. పిల్లలు అక్కడే ఆగిపోయి ఒకరి పేరు ఒకరు అరుస్తుంటారు. ఉత్తరం వైపు గోడ చాలా చోట్ల కూలింది. ఆ సందుల్లోంచి కప్పులేని ఇళ్ళు, గుర్రాల లాయం, గుట్ట మీద చెన్నరాయుడి గుడి కనిపిస్తాయి. అక్కడి నుంచి సీతాఫలం పొదల మధ్యగా వచ్చి బాట మళ్ళీ మూసిన వాకిలి దగ్గరే కలుస్తుంది.

వాకిలికి పక్కనే, ఉత్తరపు బురుజు నీడలో, ఎదురుకోలమ్మ తల్లి గుడి ఉంది. పెళ్ళిలో మగపెళ్ళివారికి పానకం బిందెతో, మేళంతో ఎదురు వెళ్ళి తీసుకురావడాన్ని ఎదురుకోలు అంటాం కదా, ఆ మాటే తల్లి పేరు. తల్లి నిలబడి ఉండదు, కూర్చుని ఉండదు. ఎడమ పాదం ముందుకు వేసి, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఇంకో చేత్తో నీళ్ళ ముంత పట్టుకుని ఉత్తరం దిక్కుగా వడివడిగా పోతూ ఉంటుంది. కత్తి లేదు, శూలం లేదు. వాటిని పట్టుకోవడానికి తల్లికి చెయ్యి ఖాళీ లేదు.

కొత్తగా వచ్చినవారు కంగారుపడేది మాత్రం ఇంకొకటి చూసి. ఇక్కడ భక్తుల్లో సగం మంది కోటను కుడివైపు పెట్టుకుని తిరుగుతుంటే, తక్కిన సగం మంది ఎడమవైపు పెట్టుకుని ఎదురు దిక్కున తిరుగుతుంటారు. దేవుణ్ణి ఎడమ పక్కన పెట్టుకుని తిరగడమేమిటని నా మీద కోప్పడి, ప్రసాదం కూడా తీసుకోకుండా పోయినవారున్నారు. వారి కోపంలో న్యాయం ఉంది. శవం చుట్టూ తప్ప మన ఇళ్ళల్లో ఎవరూ అలా తిరగరు. ఆ భయం ఎంతటిదో తల్లికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ గుడికి తరతరాలుగా పూజ చేస్తున్నది గొల్లలమైన మేము. నా పేరు కంబగిరి. మా పెద్దలు నాకు చెప్పిన కథను, నేను ఈ గుడి అరుగు మీద కూర్చుని భక్తులకు చెబుతూ వచ్చిన కథను, అడిగినవారందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ, పాళెగాళ్ళ కాలంలో, ఈ కోట మనుషులతో నిండుగా ఉండేది. తూర్పు వాకిలికి బయ్యన్న అనే కావలివాడు ఉండేవాడు. పొద్దు గూకగానే తలుపు మూసి, ఆ తర్వాత ఎవరు వచ్చి తట్టినా "ఎవురది?" అని అడిగి, గొంతు గుర్తుపడితేనే తెరవడం అతని పని. కోటలో వాళ్ళందరి గొంతులూ అతనికి తెలుసు. దగ్గు విని మనిషి పేరు చెప్పేవాడని మా ముసలివాళ్ళు అనేవారు. అతని భార్య పేరు సుంకక్క. చేలో పని ముగించుకుని ఆమె ఆలస్యంగా వస్తే, అడుగుల చప్పుడుతోనే ఆమె అని తెలిసి కూడా, బయ్యన్న తలుపు వెనక నుంచి గొంతు పెంచి అడిగేవాడు.

"ఎవురది?"

"నేనే."

"నేనే అంటే ఎవురమ్మా? ఊర్లో అందురూ నేనే అంటారు."

"తలుపు తీస్తావా, ఈ గంప నీ నెత్తిన దించల్లా?"

అప్పుడు తలుపు తెరుచుకునేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ ఆట ఏళ్ళు గడిచినా పాతబడలేదు. పిల్లలు లేని ఇల్లు వారిది. తలుపుకు అటొకరు ఇటొకరు నిలబడి నవ్వుకునే ఆ కాసేపు కోసం ఆమె ఒక్కోసారి కావాలనే ఆలస్యంగా వచ్చేదట.

ఒక ఏడు మా పాళెగాడికీ పొరుగు పాళెగాడికీ పోరు వచ్చింది. కోటలో కర్ర పట్టగలిగిన మగవాళ్ళందరినీ వెంట రమ్మన్నారు. బయ్యన్న తలుపు గడియ భార్య చేతికి అప్పగించి, "పోయొస్తా. ఈ తూరి నేనొచ్చి తలుపు కొడతా. లోపల నుంచి నువ్వు అడగల్ల, ఎవురది అని" అన్నాడు. ఆమె ఏడవకుండా ఉండాలని అన్న మాట అది. "తొందరగా తీయను, చూస్తాండు" అని ఆమె కూడా నవ్వే సాగనంపింది. మగవాళ్ళ తలపాగాలు చేల వెనక కనపడకుండా పోయాకే కళ్ళు తుడుచుకుంది.

కొన్నాళ్ళకు ఏటి అవతల నుంచి వార్త వచ్చింది. పోరు ఓడిపోయింది. పాళెగాడు పోయాడు. మిగిలినవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. గెలిచినవాళ్ళు కోట మీదికి బయలుదేరారు. కోటలో ఉన్నది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. తలుపు చూస్తే చెదలు పట్టి ఉంది. కోటకు పెద్దగా ఉన్న తిప్పారెడ్డి అందరినీ పిలిచి, తలుపు ఊడదీసి వాకిలికి గుండ్లతో గోడ కట్టేయాలని తీర్మానించాడు. సుంకక్క అడ్డం నిలబడింది.

"గోడ కట్టేస్తే మా ఆయప్ప వచ్చి యాడ కొట్టల్ల? నేను లోపల్నుంచి యేమి తీయల్ల?"

"వచ్చేది మీ ఆయప్ప ఒకడే అయితే ఇంగా నాలుగు తలుపులు పెట్టిద్దుము తల్లీ," అన్నాడు తిప్పారెడ్డి. "ఆయప్ప యెనకాల వచ్చేవాళ్ళ మాటేమి?"

ఆయన మాటలో తప్పు లేదు. ఆమె మాటలోనూ లేదు. ఇలాంటి చోట మా పెద్దలు కథ ఆపి, మీరైతే ఏం చేస్తారని అడిగేవారు. సుంకక్క మాత్రం ఇక వాదించలేదు. కొర్రలు మూటగట్టుకుంది, నీళ్ళ ముంత పట్టుకుంది. ఆఖరి వరస గుండ్లు పేర్చకముందే గోడ దాటి బయటికి వెళ్ళిపోయింది. లోపల ఉండి తలుపు తీయలేనప్పుడు, బయట ఉండి ఎదురు చూస్తానంది.

ఎటు నుంచి వస్తాడో తెలియదు. సైన్యం చెదిరిపోయింది కాబట్టి ఏ దిక్కు నుంచైనా రావచ్చు. వచ్చి మూసిన వాకిలి చూస్తే, తనవాళ్ళెవరూ లేరనుకుని వెనక్కి పోతాడని ఆమె భయం. అందుకని ఒకచోట కూర్చోలేదు. కోట చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. గుట్ట మీది చెన్నరాయుడికి మొక్కుకుంది: "సామీ, నిన్ను కుడిపక్కన పెట్టుకుని తిరుగుతా. నా తిరుగుడు తెగనంత కాలం ఆయప్ప ఊపిరి తెగనీయద్దు." ఆ మొక్కు ఆమెకు పట్టుగొమ్మ అయింది. తన కాళ్ళు కదులుతున్నాయంటే ఎక్కడో అతని గుండె కొట్టుకుంటున్నదని నమ్మింది. రోజూ గోడ మీద నుంచి లోపలివాళ్ళు కేకలు వేసేవారు. "తాడు ఏస్తాం, పట్టుకుని పైకి రా సుంకక్కా" అని బతిమాలేవారు. ఆమె తల ఎత్తేది కాదు. ఆమె చూపంతా బయటి మైదానం మీదే ఉండేది.

వస్తుందన్న సైన్యం రాలేదు. వాళ్ళకు ఇంతకంటే పెద్ద కోటలే దొరికాయి. ఇంతలో కోట లోపలి బావి ఎండింది. మూసిన వాకిలిని మళ్ళీ తెరిచే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఉత్తరం వైపు గోడ మీది నుంచి తాళ్ళు, గంపలు దింపుకుని ఒక్కో ఇల్లూ మూట ముల్లెతో బయటపడింది. పోతూ పోతూ ఆమెను తమ వెంట రమ్మన్నారు. తిప్పారెడ్డి అయితే తలపాగా తీసి అడిగాడట. ఆమె ఆయన కాళ్ళకు మొక్కి, తన బాట తాను పట్టింది. మా కోట యుద్ధంలో కూలలేదు. అది ఖాళీ అయిపోయింది, అంతే. ఇక్కడి గోడల మీద ఫిరంగి దెబ్బలు ఎక్కడున్నాయని వెతికేవారు ఊరికే కాళ్ళు నొప్పి పెట్టుకోవద్దు.

అప్పుడు బయ్యన్న వచ్చాడు.

భుజానికి దెబ్బ తగిలి, ఎవరి పంచలోనో నెలల తరబడి పడి ఉండి, లేచి నడవగలిగిన రోజే బయలుదేరి వచ్చాడు. తన వాకిలి ముందు నిలబడ్డాడు. అతను ఏళ్ళ తరబడి కాపలా కాసిన చోట గోడ ఉంది. అరచేత్తో కొట్టాడు. రాతి గోడను కొడితే చప్పుడు ఎక్కడ వస్తుంది? పేరు పెట్టి పిలిచాడు. జవాబు లేదు. భార్య లోపలే ఉందని, గోడకు ఏదో ఒక చోట సందు ఉంటుందని, అక్కడి నుంచి పిలిస్తే పలుకుతుందని అతని నమ్మకం. గోడ తడుముకుంటూ బయలుదేరాడు. గుట్ట మీద దేవుడున్నాడు కాబట్టి కోటను కుడిచేతి వైపు పెట్టుకుని బయలుదేరాడు. మనలో ఎవరైనా అంతే చేస్తారు. ఆలోచించి చేసే పని కాదది. కాలు దానంతటదే అటు పడుతుంది.

ఆ సమయానికి సుంకక్క కోటకు అవతలి వైపున ఉంది. ఆమె కూడా కుడివైపుగానే తిరుగుతోంది. ఒకరి కోసం ఒకరు, ఒకే దిక్కుగా, ఒకే బాటలో, మధ్యలో ఒక గుట్టను పెట్టుకుని తిరిగారు. ఎండకు ఇద్దరూ ఒకే వేళకు నీడకు చేరేవారు. చీకటి పడితే ఇద్దరూ ఆగేవారు. తెల్లవారితే ఇద్దరూ లేచేవారు. ఆమె మైదానం వైపు చూస్తూ నడిచేది, అతను గోడ వైపు చూస్తూ నడిచేవాడు. ఆమె కొర్రలు వండుకున్న పొయ్యి రాళ్ళు అతనికి కనిపించాయి. ఎవరో గొల్లలు వండుకున్నారనుకున్నాడు. అతను నమిలి పారేసిన వేపపుల్ల ఆమె కంట పడింది. గొల్లలే అనుకుంది. రెండు నిందలూ మా వాళ్ళ మీదే పడ్డాయి. పడమటి గోడ దగ్గర అతను "సుంకీ!" అని పిలిచిన పిలుపు గుట్టకు తగిలి కోట లోపలి నుంచి వచ్చినట్టు ఆమెకు వినిపించింది. తాడు వేస్తామనే వాళ్ళు ఇంకా ఒకరిద్దరు మిగిలి ఉన్నారు కాబోలు అనుకుని, తల వంచుకుని నడిచింది.

వానలు పడి గుట్ట పచ్చబడ్డాక మా మూలపురుషుడు గొల్ల ఈరప్ప గొర్రెలను తోలుకుని ఇటు వచ్చాడు. తప్పిపోయిన గొర్రె కోసం కోట గోడ ఎగబాకి, గుట్ట శిఖరం ఎక్కి చూశాడు. అక్కడి నుంచి చూస్తే బాటంతా ఒకేసారి కనిపిస్తుంది, ఇప్పటికీ. ఒక వైపు ఆడమనిషి నడుస్తోంది. ఇంకో వైపు మగమనిషి నడుస్తున్నాడు. ఆమె ఆగితే అతను ఆగుతున్నాడు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుని మాటలు మానేసి ఇలా తిరుగుతున్నారనుకున్నాడు ఈరప్ప. గొర్రెల దగ్గరికి దిగి వచ్చి, తనలో తాను నవ్వుకుని, ఆ పూట గడిపేశాడు.

మర్నాడు మళ్ళీ ఎక్కి చూశాడు. మళ్ళీ అలాగే తిరుగుతున్నారు. ఈసారి మగమనిషి నడక బాగాలేదు. పడమటి గోడ దగ్గర గోడను పట్టుకుని నిలబడ్డాడు, తర్వాత జారి కూర్చున్నాడు. ఆడమనిషి అప్పటికే అదే చోటు దాటి ఉత్తరం వైపు పోయి ఉంది. ఈరప్పకు నవ్వు పోయింది. ఉత్తరపు గోడ దిగి, సీతాఫలం పొదల దగ్గర ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

"యెవురి కోసరం తిరుగుతాండావమ్మా?"

"మా ఇంటాయప్ప కోసరం. పోరుకు పోయినాడు. వస్తాడు."

"ఎడమ భుజానికి గుడ్డ కట్టుకున్నాడు, బక్కమనిషి, గోడను తడుముకుంటా నడుస్తాడు. ఆయప్పేనా?"

ఆమె ముంతను గుండెకు హత్తుకుని, అవునని తలూపింది.

"నీ యెనకాలే ఉండాడు తల్లీ. నువ్వు దాటి వచ్చిన పడమటి గోడ కాడ కూలబడినాడు. ఇంగ లేచేటట్టు లేడు. యెనక్కి తిరుగు."

సుంకక్క వెనక్కి తిరగలేదు. ముందుకు పరుగెత్తబోయింది. ఈరప్ప ఆమెకు పిచ్చెక్కిందనుకున్నాడు. "అటు పోతే కోట చుట్టంతా తిరగల్ల! అంతసేపు ఆయప్ప ఉండడు!" అని అరిచాడు. అప్పుడు ఆమె తన భయం చెప్పింది. వెనక్కి తిరిగితే చెన్నరాయుడు ఎడమ పక్కకు వస్తాడు. అది చచ్చినవాళ్ళకు తిరిగే తిరుగుడు. ఇన్నాళ్ళు ఏ తిరుగుడుతో మొగుడి ప్రాణం పట్టి ఉంచిందో, దాన్ని తన కాళ్ళతో తానే విప్పేసినట్టు అవుతుంది. తాను ఎదురు చూసేది బతికున్న మొగుడి కోసం. "ఎదురు చూస్తానని సామికి మాటిచ్చినా. ఆ మాట నేనెట్ల తెంచల్ల?" అని ఏడ్చింది.

ఈరప్ప చదువుకున్నవాడు కాదు, శాస్త్రం తెలిసినవాడూ కాదు. ఆమె భయాన్ని అతను తేలిగ్గా తీసిపారేయలేదు. అతనికీ ఆ భయం ఉంది. కానీ అతను గుట్ట మీద నుంచి చూసి వచ్చాడు. ఆమె చూడలేదు. అంతే తేడా.

"ఎదురు చూసింది చాల్లే తల్లీ," అన్నాడు. "ఎదురు పో."

ఆ మాటకు ఆమె నిలబడిపోయింది. గుట్ట వైపు ఒకసారి చూసింది. "సామీ, పాపమైతే నాదే," అంది. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుంది. ఎడమ కాలు ముందు పెట్టి, దేవుణ్ణి ఎడమ చేతి వైపుకు తెచ్చుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఆ అడుగు పడ్డ చోట ఈ రోజుకూ భక్తులు పసుపు రాస్తారు. ముంతలో నీళ్ళు ఒలకకుండా ఆమె ఎంత వేగంగా పోయిందో ఈరప్ప జీవితాంతం చెప్పుకున్నాడట.

బయ్యన్న గోడకు నుదురు ఆనించి కూర్చుని ఉన్నాడు. వెనక నుంచి కాక ఎదురు దిక్కు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. కళ్ళు తెరవలేదు. కావలివాడి నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఎవురది?"

"నేనే."

"నేనే అంటే ఎవురమ్మా," అన్నాడు బయ్యన్న. అని, నవ్వబోయి, ఏడ్చాడు. "వాకిలి మూసేసినారే సుంకీ. లోపలికి యెట్ల వచ్చేది?"

"లోపల ఎవురూ లేరు. నేను బయటనే ఉండా. నువ్వు పోయినప్పటి నుంచి బయటనే ఉండా."

ముంతలో నీళ్ళు తాగించి, తల ఒడిలో పెట్టుకుంది. పొద్దు గూకే దాకా అతను ఉన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మా పెద్దలు చెప్పరు. ఈరప్ప వినకూడదని గొర్రెలను దూరంగా తోలుకుపోయాడు. అందుకని ఈ స్థల పురాణంలో ఆ చోటు ఖాళీగా ఉంది. ఎవరి కోసమైనా ఎదురు చూసినవారికి ఆ మాటలు నేను చెప్పనక్కర్లేదు.

తెల్లవారి వచ్చి చూస్తే ఆ చోట ఇద్దరూ లేరు. గోడ పక్కన నీళ్ళ ముంత ఒకటే ఉంది. కొన్నాళ్ళకు, గొర్రెల మంద దగ్గర తెల్లవారుజామున కునుకు పట్టిన వేళ, తల్లి ఈరప్పకు కలలో కనపడింది. ముఖంలో కోపం లేదు, అలాగని నవ్వూ లేదు. "మొదట చూసిన పొద్దే చెప్పింటే మాకు ఇంగొక పొద్దు దక్కుండు గదా ఈరప్పా," అంది. ఈరప్ప కాళ్ళ మీద పడి, ఏం చేయమంటావని అడిగాడు. "నాకు రాయి నిలబెడతావేమో, నిలబెట్టద్దు. కూచోబెట్టద్దు. నన్ను నడిపించు. నా బాటలో ఎవురూ ఎదురు రాని మనిషి తిరగకూడదు. ఎదురు వచ్చేవాళ్ళు లేనోళ్ళకు నువ్వు పో. నువ్వు పోలేకుంటే నీ ఇంటోళ్ళు పోవల్ల." ఆ మాట చెప్పి, ఉత్తరం దిక్కుగా నడిచి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇప్పటి దాకా మా ఇంటివారం ఆ ఆన పాటిస్తున్నాం. ప్రతి పున్నమికీ జంటలుగా వచ్చినవారు మూసిన వాకిలి దగ్గర ఒకరికొకరు "పోయొస్తా" అని చెప్పుకుని, ఒకరు కుడికీ ఒకరు ఎడమకూ విడిపోతారు. భార్యాభర్తలే కానక్కర్లేదు. అక్కచెల్లెళ్ళు వస్తారు. మాటలు లేని అన్నదమ్ములను ఎవరో పెద్దవాళ్ళు లాక్కొస్తారు. పడమటి గోడ దగ్గర ఎదురుపడగానే ఒకరు "ఎవరది?" అనాలి, రెండోవారు "నేనే" అనాలి. మంత్రం అంతే. మొన్న ఇద్దరు అన్నదమ్ములు అక్కడికి చేరి, ఎవరు ముందు అడగాలనే దాని మీద మళ్ళీ పోట్లాడుకున్నారు. పోట్లాడుకుంటే పోట్లాడుకున్నారు, మాటలైతే కలిశాయి. ఆ మధ్య ఒక స్వామివారు వచ్చి, ఎదురుకోలమ్మ అన్న పేరు మోటుగా ఉందని, శ్రీ ప్రతీక్షాంబిక అని పాలరాతి పలక చేయించి పంపారు. ప్రతీక్ష అంటే ఎదురుచూపట. మా తల్లి ఎదురు చూసిన తల్లి కాదు, ఎదురు వెళ్ళిన తల్లి. ఆ పలక మా వంటింట్లో రొట్టెలు చేయడానికి బాగా పనికొస్తోంది.

ఒంటరిగా వచ్చేవారికి ఎదురు వెళ్ళే పని మా ఇంట్లో నా భార్య సాలమ్మది. నీళ్ళ ముంత పట్టుకుని ఆమె ఎడమ బాట పట్టేది. కొడుకును ఏరు తీసుకుపోయిన తల్లికి ఎదురు వెళ్ళింది. పెళ్ళి పీటల మీది నుంచి మనసు విరిగి వచ్చిన అబ్బాయికి ఎదురు వెళ్ళింది. వాళ్ళ పేర్లు కూడా అడిగేది కాదు. ఎండలో తిరిగొచ్చావు, కాసేపు కూర్చోరాదా అని నేనంటే, "ఆడ వాళ్ళు ఒకరే నడుస్తాంటారు, నాకు కూచోబుద్ధి కాదు" అనేది. పోయిన ఏడు కార్తీకంలో సాలమ్మ పోయింది. ఆ తర్వాత వచ్చిన పున్నమికి మా కోడలు కాన్పుకని పుట్టింట్లో ఉంది. గుడి దగ్గర నేనొక్కడినే. ఆ రోజు వాకిలి దగ్గర కూర్చుని ఎవరినీ పలకరించలేకపోయాను. హారతి ఇచ్చి, గుడి తలుపు దగ్గరగా వేసి, మామూలు భక్తుడిలాగా కోటను కుడివైపు పెట్టుకుని బయలుదేరాను. నాకు ఎదురు రావలసిన మనిషి రాదని తెలుసు. తెలిసే నడిచాను. నడుస్తున్నంతసేపూ చెవులు మాత్రం ఎదురు దిక్కునే పెట్టుకున్నాను.

పడమటి గోడ మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒకామె వస్తోంది. నడివయసు మనిషి, కళ్ళద్దాలు, చేతిలో ప్లాస్టిక్ నీళ్ళ సీసా. తర్వాత తెలిసింది, ఆమె తాడిపత్రి నుంచి ఒంటరిగా వచ్చింది. టెంకాయలమ్మే అతను ఈ రోజు ఎదురు పంపేందుకు పూజారి ఇంట్లో ఎవరూ లేరని ఆమెతో చెప్పాడు. అయితే తనలాంటివాళ్ళు ఇంకెవరైనా అటు పోయి ఉంటారేమో, వాళ్ళకైనా తాను ఎదురు పోతానని ఆమె ఎడమ బాట పట్టింది. నా ముందుకు వచ్చి ఆగింది.

"ఎవరది?"

నలభై ఏళ్ళుగా అందరి చేతా చెప్పించిన మాట నా నోట రాలేదు. ఆమె తొందరపడలేదు. నీళ్ళ సీసా నా చేతికిచ్చి, నేను తాగేదాకా ఉండి, మళ్ళీ అడిగింది.

"నేనే," అన్నాను.

ఆమె ఎవరి కోసం వచ్చిందో నేను అడగలేదు. నేను ఎవరి కోసం ఏడుస్తున్నానో ఆమె అడగలేదు. ఇద్దరం కలిసి ఉత్తరపు బాటన మూసిన వాకిలి దాకా వచ్చాం.

ఈ బాట తిరిగితే పోయినవారు తిరిగి వస్తారని నేను రాయను. అలా రాస్తే తల్లి ఒప్పుకోదు, నేను నమ్మను. దారిలో ఉన్నవారు త్వరగా ఇల్లు చేరారని, మాటలు తెగినవారు కలిశారని, మొక్కు తీర్చుకోవడానికి వచ్చి చెప్పినవారు మాత్రం చాలామంది ఉన్నారు. ఇక రానివారి కోసం వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. మూసిన వాకిలి దగ్గర నిలబడి ఒక కేక వేయండి. కోటను కుడివైపు పెట్టుకుని మెల్లగా బయలుదేరండి. మీరు పడమటి గోడకు చేరేసరికి మాలో ఎవరో ఒకరం మీకు ఎదురు వస్తాం.